లైట్ డ్యూటీ

"ఎవరడగమన్నారు నిన్ను? చెప్పు నాన్నా, ఎవరడగమన్నారు?"

పైడితల్లి కేకకి పక్కింటి సూరమ్మ ముగ్గు మధ్యలో చెయ్యి ఆపేసింది. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో గోడలు పల్చన, చెవులు పెద్దవి. ఒక ఇంట్లో పోపు వేస్తే ఇంకో ఇంట్లో తుమ్ముతారు. ఇక ఇంత కేక వినిపించకుండా ఎలా ఉంటుంది?

గుమ్మం ముందు ఉక్కు కంపెనీ జీపు ఆగి ఉంది. దాని డ్రైవరు బంగార్రాజు, తెచ్చిన కబురు అప్పజెప్పేసి, ఇప్పుడు ఎటు చూడాలో తెలియక టైరు కేసి చూస్తున్నాడు.

కబురు చిన్నదే. "లాహిరీ సాబు చెప్పమన్నారమ్మా. మీరు ఇయ్యాల సోనారీ రానక్కర్నేదంట. తిన్నగా బిష్టుపూర్ ఆఫీసులో దింపీమన్నారు. పెద్దసాబులకి టికెట్లు, హోటళ్ళు చూసే టేబులు మీకిచ్చేరంట. మరి మీ నాన్నగారు ఒచ్చి అడిగేరు కదా, లైట్ డ్యూటీ..."

అంతే. ఆ రెండు మాటలతో ఇల్లు అంటుకుంది.

పైడితల్లి తెల్లచొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది. భుజాల మీద బంగారు చారలు. రెండేళ్ళ తర్వాత ఇవాళే ఆ బట్టలు పెట్టెలోంచి తీసింది. నడుం దగ్గర వదులైపోతే తల్లి అసిరమ్మ పిన్నీసు పెట్టింది. రాత్రి నిద్ర లేదు, అయినా కళ్ళు మిలమిలలాడుతున్నాయి. పెళ్ళికూతురు కూడా అంత తొందరపడదు. ఇవాళ పది గంటలకి సోనారీ విమానాశ్రయంలో చీఫ్ పైలట్ లాహిరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె కంపెనీ విమానం నడిపి చూపించాలి. నెగ్గితే ఉద్యోగం మళ్ళీ చేతికొస్తుంది. కంపెనీకి ఇద్దరు పైలట్లు కావాలి. ఒకతను కిందటి నెలే చేరాడు. రెండో చోటు ఇన్నాళ్ళూ ఆమె కోసం ఆపారు. ఇవాళ ఆమె రాకపోతే రేపు కలకత్తా నుంచి ఇంకెవరినో పిలిపిస్తారు.

"అరవకు," అన్నాడు పోలయ్య. ముప్పై అయిదేళ్ళు బొగ్గింజను నడిపి రిటైరైన మనిషి. ఇంజను పక్కన మాట్లాడి మాట్లాడి ఆయన మెల్లగా అన్నా అరిచినట్టే ఉంటుంది. "నీ మంచికే అడిగేను. నాను కాకపోతే ఎవలడుగుతారు?"

"నన్నడిగేవా?"

"జబ్బుపడ్డోల్ని అడుగుతారేటి ఎవలైనా?"

ఆయన తప్పేమీ చేశాననుకోవడం లేదు. అదీ అసలు గొడవ. రైల్వే వాళ్ళల్లో అది మర్యాద. డ్రైవరెవరైనా పెద్ద జబ్బు చేసి లేస్తే, ఇంట్లో పెద్దవాడు ఉతికిన బట్టలు కట్టుకుని షెడ్డుకి వెళ్ళి, చేతులు కట్టుకుని, "బాబూ, మావోడికి కొన్నాళ్ళు లైట్ డ్యూటీ ఇప్పించండి" అని అడుగుతాడు. జబ్బుపడ్డవాణ్ణి అడగరు. అడిగితే వాడు వద్దంటాడు, లేకపోతే సిగ్గుతో చస్తాడు. వాడికి తెలియకుండా అడిగి తేవడమే ప్రేమ. పోలయ్య కోసం ఒకప్పుడు ఆయన తండ్రి అలాగే అడిగాడు. ఇప్పుడు కూతురి కోసం ఈయన అడిగాడు. విమానాల దగ్గర ఆ మర్యాద చెల్లదని ఆయనకి ఎవరు చెప్పారు కనుక?

"ఢిల్లీ డాక్టర్లు ఫిట్ ఇచ్చేరు నాన్నా! ఫిట్! నీకు చదివి వినిపించేను కదా!"

"వినిపించేవు. ఒక్కతే నడపకూడదు, పక్కన ఇంకో పైలట్ ఉండాలి అని కూడా వినిపించేవు. దాన్నేటంటారో నాకు తెల్దేటి? మా లోకోలో దాన్ని డీ-క్యాట్ అంటారు. కళ్ళు తగ్గినోడిని, గుండె తగ్గినోడిని ఇంజను మీంచి దింపీసి షెడ్డులో కుర్చీ ఏత్తారు. మా గోవిందరావుని అలాగే దింపేరు. ఆళ్ళు దింపీదాకా ఆగడం ఎందుకేటి? మనమే మర్యాదగా దిగిపోతే పోద్ది కదా!"

"అరే బాబూజీ, హవాయీ జహాజ్ మే ఐసా నహీ హోతా," విమానాల్లో అలా ఉండదని అన్నాడు తమ్ముడు చిన్నారావు, రైల్వే షెడ్డులో డ్యూటీకి బయల్దేరుతూ. తండ్రి తెలుగులో తిడితే వాడు హిందీలో తప్పించుకుంటాడు. ఎప్పుడూ అంతే.

"నువ్వు నోరుముయ్యి! మెట్లెక్కితే దానికి ఆయాసం ఒత్తాది. నా కళ్ళతో చూసేను. అదే చెప్పేను ఆఫీసులో. అబద్ధమేటి?"

పైడితల్లి గతుక్కుమంది. "ఆయాసం గురించి కూడా చెప్పేవా?"

"చెప్పకపోతే లైట్ డ్యూటీ ఎలాగిత్తారు?"

రెండేళ్ళ కిందట పైడితల్లి మెడ పక్కన గోలీకాయంత గడ్డ కనిపించింది. ఆ తర్వాత బొంబాయి క్యాన్సర్ ఆస్పత్రి, సూదిమందులు, కరెంటు పెట్టడాలు, రాలిపోయిన జుట్టు, మళ్ళీ పిల్లాడి జుట్టులా మొలిచిన జుట్టు. అన్నీ ఓర్చుకుంది. ఆ మంచం మీద కళ్ళు మూసుకుని సోనారీ రన్‌వే మీద దిగడం ఎన్నిసార్లు ఊహించుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు, గెలిచి వచ్చాక, ఇంట్లోనే కాలు అడ్డం పెట్టారు. ఏడుపొచ్చింది. కోపం అంతకంటే ముందొచ్చింది.

పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతున్న అసిరమ్మ గరిటె టక్కున గిన్నె మీద కొట్టింది.

"ఆయాసం కార్తీక మాసంలో మాట," అంది. "సంకురాత్రి ఎళ్ళేక నాను, ఇదీ సాక్చి బజారుకెళ్ళేం, చీర తెత్తాం అన్నాం, గేపకం ఉందా?"

"ఉంది. చీరేదీ తేనేదు."

"సాక్చి ఎళ్తే కదా తేడానికి! దల్మా కొండెక్కేం. పైనున్న గుడి దాకా. నాను మూడు చోట్ల కూలబడిపోయేను. ఇది ఆగనేదు. నా చేతిలో సంచీ కూడా ఇదే మోసింది. పైకెళ్ళి కేకలేసింది, 'అమ్మా, రా, రా' అని. నీకు చెప్తే కొండ కిందే కూచోబెడతావని చెప్పనేదు."

పోలయ్య నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళు పైగా కాపురం చేసిన ఆడమనిషి తనకి చెప్పకుండా కొండలెక్కిందన్న సంగతి ఆయనకి విమానాల కంటే కొత్తగా ఉంది.

"మరి నాకెందుకు చెప్పనేదు?"

"నువ్వు ఆఫీసుకెళ్ళినట్టు మాకు చెప్పేవేటి?"

జీపు దగ్గర బంగార్రాజు దగ్గినట్టు నవ్వాడు. పైడితల్లికీ నవ్వొచ్చింది కానీ మింగేసింది. నవ్వితే కోపం చల్లారిపోతుంది, ఇవాళ ఆ కోపంతో చాలా పని ఉంది. నీళ్ళ సీసా చంకన పెట్టుకుంది. కరెంటు పెట్టినప్పటినుంచి గొంతు ఊరికే ఎండిపోతుంది, గుక్క గుక్కకీ తడుపుకోవాలి.

"బంగార్రాజూ, జీపు సోనారీకి పోనీ. నాన్నా, లే. నువ్వడిగేవు, నువ్వే ఒచ్చి వద్దని చెప్పు."

"నానా? ఆ సాబులతోటా?"

"మొన్న భయం వెయ్యలేదు కదా? ఎక్కు."

పోలయ్య భార్య వైపు చూశాడు. అసిరమ్మ ఆయన కోటు తెచ్చి చేతిలో పెట్టింది.

*

జుగ్సలాయి ఫాటకు, అంటే రైలు గేటు, పడి ఉంది.

జంషెడ్‌పూర్‌లో తొందరపడే వాడెవడైనా ముందు ఆ ఫాటకుకి దండం పెట్టుకోవాలి. లారీలు, రిక్షాలు, గోడౌన్ల బళ్ళు, సైకిళ్ళు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేసినట్టు నిలబడ్డాయి. పట్టాల మీద గూడ్సు బండి మనకేం పట్టనట్టు ఆగి ఉంది.

"కదిలించమను నాన్నా!" అంది పైడితల్లి. కాళ్ళు జీపు నేల మీద దరువు వేస్తున్నాయి.

"సిగ్నలు ఇయ్యందే ఎలా కదుల్తాది?"

తొమ్మిది దాటింది. బంగార్రాజు హారన్ కొట్టాడు. ముందున్న ఎద్దు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

పోలయ్య ఇంజను కేసి చూస్తున్నాడు. పొగ ఎలా వస్తోందో చూసి లోపల ఉన్నవాడు పనివాడో కాదో చెప్పగలడు. ఇవాళ చెప్పబుద్ధి కాలేదు. చివరికి తలతిప్పకుండానే అడిగాడు.

"ఆ రెండో మనిషి ఎందుకమ్మీ? నిజం చెప్పు. నీకేటైనా అవుతాదనే కదా?"

ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ అడగలేదు. పైడితల్లి సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన ముసలి చేతులు మోకాళ్ళ మీద ఎంత గట్టిగా బిగుసుకున్నాయో చూశాక అబద్ధం రాలేదు.

"అవును నాన్నా. జబ్బు మళ్ళీ ఒస్తాదో రాదో ఎవరికీ తెలీదు. గాల్లో నాకేటైనా అయితే పక్కవాడు దింపుతాడు. అందుకే."

"మరి భయం నేదా?"

"ఉంది." సీసా మూత బిగించి, "నీ ఇంజన్లో నువ్వొక్కడివే ఎప్పుడైనా వెళ్ళేవా?" అంది.

"ఒక్కడు ఎలాగెళ్తాడు? డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. ముగ్గురు నేకపోతే బండి కదల్దు."

"మరి ముప్పై అయిదేళ్ళూ నువ్వు డీ-క్యాటేనా?"

పోలయ్య తల గిర్రున తిప్పి కూతురి కేసి చూశాడు. బంగార్రాజు అద్దంలోంచి చూస్తూ పెదవులు బిగబట్టాడు.

"అది వేరు," అన్నాడు పోలయ్య.

"ఏటి వేరు?"

"ఏరంటే ఏరే." వాదనలో ఓడినప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే అంటాడు. కానీ గొంతు తగ్గింది.

గూడ్సు బండి ఈలవేసింది. చక్రం ఒకసారి జారి, పట్టు దొరికించుకుని కదిలింది. పైడితల్లి పెట్టెలు లెక్కపెట్టే ఓపిక లేక సీటు మీద గుద్దుతోంది. ఫాటకు లేవగానే బంగార్రాజు రెండు రిక్షాల మధ్యనుంచి జీపు దూర్చాడు. ఎవరో అతని వంశాన్నంతా తలుచుకుని తిట్టారు. బిష్టుపూర్ బ్యాంకులు, దుకాణాలు గిర్రున వెనక్కి పోయాయి. ఆఫీసు గేటు ముందు జీపు నెమ్మదించలేదు. పైడితల్లి అటు చూడను కూడా లేదు.

*

సోనారీలో విమానం షెడ్డు బయటికి లాగి ఉంది. రెండింజన్లది, తెల్లగా, ముక్కు కాస్త ఎత్తి. దాన్ని చూడగానే పైడితల్లికి ఒళ్ళు ఝల్లుమంది. తండ్రిని, కోపాన్ని, టేబుల్ డ్యూటీని అన్నిటినీ ఒక్క క్షణం మర్చిపోయింది. జీపు పూర్తిగా ఆగకముందే దూకేసింది.

కెప్టెన్ లాహిరి వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. బెంగాలీ మనిషి, పొడుగ్గా, తిండి తిన్నట్టు కనిపించడు. తిట్టేటప్పుడు మాత్రం బలం ఎక్కడినుంచో వస్తుంది.

"నిన్ను ఆఫీసుకి పొమ్మన్నాను," అన్నాడు హిందీలో.

"ఆ డ్యూటీ నేను అడగలేదు సర్."

"మీ నాన్న అడిగాడు. నీ సొంత తండ్రి! మెట్లెక్కితే ఆయాసపడుతుందని చెప్పాడు. ఆ మాట విన్నాక నిన్ను గాల్లోకి ఎలా తీసుకెళ్ళను? రేపు ఏమైనా అయితే ముందు నన్నడుగుతారు, తెలిసీ ఎందుకెక్కించావని." అప్పుడు పోలయ్యని చూశాడు. గొంతు కాస్త మర్యాదలో పడింది. "బాబూజీ, మీరే చెప్పండి. అబద్ధమాడారా?"

పోలయ్య కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ఒక్క మాట అంటే చాలు. అబద్ధమని ఒప్పుకుంటే గొడవ వదిలిపోతుంది.

"నహీ సాబ్," అన్నాడు పోలయ్య. "ఆయాసం చూశాను. అబద్ధం ఆడలేదు."

పైడితల్లి విమానం కేసి చూసింది.

"కానీ అది నాలుగు నెలల కిందటి మాట," అని ఆయన తన రైల్వే హిందీలో సాగదీశాడు. "సంక్రాంతి వెళ్ళాక దల్మా ఎక్కిందట. నాకు చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్ళు నాకేమీ చెప్పరు సాబ్. నేనూ వాళ్ళకి చెప్పకుండా మీ ఆఫీసుకొచ్చాను. అది నా తప్పు. పిల్ల తప్పు కాదు."

లాహిరి పైడితల్లి కేసి చూశాడు. "దల్మా? నడిచా?"

"పైదాకా నడిచే ఎక్కాను సర్. దిగాను కూడా."

"మధ్యలో ఆగావా?"

"అమ్మ కోసం ఆగాను."

లాహిరి మళ్ళీ వాచీ చూసుకున్నాడు. ఆయన నవ్వాడో లేదో చెప్పడం కష్టం. "ఎడమ సీట్లో కూర్చో," అన్నాడు. "నాకు తేడాగా అనిపించిన క్షణం దింపేస్తాను. వాదన లేదు."

"లేదు సర్!" అంది పైడితల్లి. అప్పటికే సగం దూరం పరుగెత్తింది.

*

సీట్లో కూర్చోగానే చేతులు వాటంతట అవే వెతుక్కున్నాయి. ఎక్కడ ఏ మీట, ఎక్కడ ఏ ముల్లు, ఒక్కటీ మర్చిపోలేదు. ఎడమ ఇంజను తిరిగింది, కుడిది తిరిగింది. ఆ చప్పుడు వెన్నుపూసలోంచి ఎక్కి పళ్ళ దాకా వచ్చింది. దేవుడా, ఎన్నాళ్ళయింది!

రేడియోలో టవర్‌ని పిలవబోయింది. గొంతు రాలేదు. గరగరమని గాలి మాత్రం వచ్చింది. లాహిరి తల తిప్పాడు. పైడితల్లి సీసా ఎత్తి రెండు గుక్కలు తాగి, మళ్ళీ పిలిచింది. ఈసారి మాట పలికింది. టవర్ కుర్రాడు అనుమతి ఇచ్చాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, నిబంధనల్లో లేకపోయినా, "వెల్‌కమ్ బ్యాక్, మేడమ్" అన్నాడు.

విమానం పరుగందుకుంది. గడ్డి, షెడ్డు, గోడ పక్కన కోటు వేసుకున్న ఒక చిన్న మనిషి, అన్నీ జర్రున జారిపోయాయి. చక్రాలు నేల వదిలాయి.

పైడితల్లి నోరారా నవ్వింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. కింద ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తోంది. అటువైపు కార్ఖానా గొట్టాలు ఎర్రపొగ వదులుతున్నాయి. ఇటువైపు దల్మా, నడిచి ఎక్కిన దల్మా, ఇక్కడినుంచి పడుకున్న గేదెలా ఉంది. మంచం మీద ఊహించుకున్నప్పుడు ఇంత వెలుతురు ఉండేది కాదు.

"అంత సంతోషం వద్దు," అన్నాడు లాహిరి. అంటూనే, చెప్పాపెట్టకుండా, కుడి ఇంజను మీట వెనక్కి లాగేశాడు.

విమానం ముక్కు ఒక్కసారి పక్కకి తిరిగింది. ఒక ఇంజను చచ్చినట్టే లెక్క. పైడితల్లి ఎడమ కాలు పెడల్ మీద బిగించి తొక్కింది. ఇదివరకైతే సులువు. ఇప్పుడు తొడ కండరం సన్నబడింది. కాలు వణికింది. వణుకుతూనే తొక్కి పట్టింది. ముక్కు మెల్లగా తిన్నబడింది. లాహిరి ముందుకి చూడడం లేదు, ఆమె ముఖం కేసే చూస్తున్నాడు. కాలు మండుతోంది, నుదుట చెమట కారి కంట్లో పడింది, తుడుచుకోలేదు.

"ఆయాసమా?"

"లేదు సర్."

"నిజం చెప్పు."

"కాలు నొప్పి. ఆయాసం లేదు."

లాహిరి ఇంకాసేపు అలాగే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. తర్వాత మీట యథాస్థానానికి తోసి, సీట్లో వెనక్కి వాలాడు. చక్రాలు నేలని తాకినప్పుడు ఆమె సీసాలో నీళ్ళు కూడా తొణకలేదు.

ఇంజన్లు ఆపాక అన్నాడు. "డాక్టర్లు ఫిట్ అన్నారు. నేనూ అంటున్నాను."

పైడితల్లి మెట్లు దిగిందో దూకిందో ఆమెకే తెలియదు. "నాన్నా! ఇచ్చీసేరు! ఫిట్ ఇచ్చీసేరు!" అని అరుస్తూ తండ్రి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. గొంతు బొంగురుపోయింది. బంగార్రాజు ఈల వేశాడు. పోలయ్య కోటు చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"పన్నెండింటికి కలకత్తా ట్రిప్పు," అన్నాడు వెనకనుంచి వచ్చిన లాహిరి. "ముగ్గురు సాబులు. నువ్వు కుడి సీట్లో."

"ఎడమ సీట్లో మీరా సర్?"

"ఝా."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎడమ సీటంటే కెప్టెన్. కుడి సీటంటే ఆయన కింద పనిచేసేవాడు. ఝా అంటే పట్నా కుర్రాడు, కిందటి నెల చేరినవాడు. ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానం మీద వాడికి ఎగరడం నేర్పింది పైడితల్లే. వాడు మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజున, ఆనవాయితీ ప్రకారం, వాడి నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించింది కూడా ఆమే.

"ఇది పైవాళ్ళ మాట," అన్నాడు లాహిరి. చూపు వాచీ మీద ఉంది. "ఒక ఏడాది చూస్తారట. నేను వాదించాను. వాళ్ళకి నువ్వు నడపగలవా అని కాదు అనుమానం, జబ్బు తిరగబెడుతుందేమోనని. ఇష్టం లేకపోతే ఆఫీసు టేబులు ఉండనే ఉంది."

పైడితల్లి మొహం వేడెక్కింది. తను నేర్పినవాడి పక్కన, వాడి మాట విని, వాడికి దారి చూపే పటాలు అందిస్తూ! తండ్రి కేసి చూసింది. ఆయనకి హిందీ రాకనా? మాట మాటా అర్థమైంది. పొద్దున్న ఆయన భయపడింది సరిగ్గా దీని గురించే. 'నాను చెప్పనేదా' అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు. అడగకుండా మాట్లాడే మనిషి ఇప్పుడు తలవంచుకుని నేల చూస్తున్నాడు. ఈసారి జవాబు ఆమెనే చెప్పుకోమని వదిలేశాడు.

కాలు ఇంకా మండుతోంది. ఆ మంట ఎంత బాగుందో!

"నాకు ఆ సీటు కావాలి సర్," అంది పైడితల్లి. "నేనే అడుగుతున్నాను."

*

పన్నెండు కావస్తోంది. షెడ్డు నీడలో ముగ్గురు సాబులు పెట్టెలతో నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. పైడితల్లి కుడి సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. ఇటునుంచి అన్నీ తిరగేసి కనిపిస్తున్నాయి, అయినా అవే ముళ్ళు, అవే మీటలు. ఎదురుగా అదే రన్‌వే. చాలదూ!

ఝా రాలేదు.

వెనక్కి ఒరిగి తలుపు కేసి చూసింది. ఝా మెట్ల కిందే నిలబడి ఉన్నాడు. టోపీ చేతుల్లో నలుగుతోంది.

"ముఝ్‌సే నహీ హోగా సర్, నావల్ల కాదు," అంటున్నాడు లాహిరితో. "ఆవిడ నాకు గురువు. కాళ్ళకి దండం పెట్టిన మనిషికి నేను ఆర్డర్లు ఇవ్వనా? పైవాళ్ళతో చెప్పండి. ఎడమ సీటు మేడమ్‌కి ఇమ్మనండి, నేను పక్కన కూర్చుంటాను."

"వాళ్ళు ఇవ్వరు."

"అయితే నేను ఎక్కను."

"పిచ్చివాడా! నువ్వెక్కకపోతే ఆవిడ ఎగరలేదు. ఒక్కతే నడపకూడదు కదా! మొదటి రోజే ట్రిప్పు పోతే ఆవిడ పేరు కొట్టేస్తారు. నువ్విచ్చే గౌరవం ఇదేనా?"

ఝా తల దించుకున్నాడు కానీ కదల్లేదు. కళ్ళలో నీళ్ళు. ఒక సాబు సిగరెట్ పారేసి వాచీ చూసుకున్నాడు.

పైడితల్లి బెల్టు విప్పబోయింది. తనే దిగి వెళ్ళి చెప్పాలి. కానీ ఏం చెబుతుంది? తను చెబితే వాడు ఇంకా ఎక్కడు. 'మేడమ్ బాధ మింగుకుని చెబుతోంది' అనుకుంటాడు.

అప్పుడు విమానం చుట్టూ కట్టిన తాడు దాటి పోలయ్య వచ్చాడు. ఎవరూ ఆపలేదు. ఝా ముందు నిలబడి, మొన్న ఆఫీసులో కట్టుకున్నట్టే, చేతులు కట్టుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. విమానం లోపలికి మాట మాటా వినిపించింది.

"బేటా, నేను ఈమె తండ్రిని. మొన్న ఈమెకి తెలియకుండా లైట్ డ్యూటీ అడిగాను. తప్పయింది. ఇవాళ ఈమెకి వినపడేలాగే అడుగుతున్నాను. ఇది ఈమె నోటితో అడిగి తీసుకున్న డ్యూటీ. నువ్వు ఎక్కకపోతే నేను మొన్న చేసిన పనే నువ్వూ ఇవాళ చేసినట్టు. నువ్వు పక్కనుండి నడుపు. నా కూతుర్ని తీసుకెళ్ళు, తీసుకురా. చఢ్ జావో, ఎక్కు బేటా."

ఝా పైకి చూశాడు. పైడితల్లి కిందికి చూసింది. కింద ఆమె తండ్రి, ముప్పై అయిదేళ్ళు తన కోసం ఎవరి ముందూ తల వంచని మెయిలు డ్రైవరు, ఆమె శిష్యుడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఝా ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండోది ఇంకా నేల మీదే ఉంది.

పొద్దున్న నడిపినప్పుడు మడిచి పెట్టుకున్న పటం ఎడమ సీటు మీదే ఉండిపోయింది. పైడితల్లి వంగి దాన్ని తీసుకుని, ఆ సీటు ఖాళీ చేసింది.